పల్లేరు పూసిన గ్రౌండు

నేను తన్నిన మొదటి బంతి గొర్రెల దొడ్డిలో పడింది.

గోలు కర్రలు ఇవతలే ఉన్నాయి. బంతి వాటి పైనుంచి పోయి, దడి దాటి, మంద నడిమధ్యన పడింది. గొర్రెలు బెదిరి ఒకే పక్కకు తోసుకున్నాయి. తడిక ఒరిగింది. చూస్తుండగానే నూరు గొర్రెలకు పైగా మార్కాపురం కొత్త ఫుట్‌బాల్ గ్రౌండు నిండా పరుచుకున్నాయి.

వాటి వెనకాల ఒక పిల్ల వచ్చింది. చేతిలో కర్ర, చంకలో మా బంతి.

“ఇది ఎవురిది?” అంది.

మేం పదకొండు మందిమి. పదిమంది నావైపు చూశారు. నేను చెయ్యి చాపాను.

“ఇస్తాలే. ముందు గొర్రెలు తోలు. చెదరగొట్టింది నువ్వు, తోలేది నేనా?”

తోలాను. మాది కూడా గొర్రెల ఇల్లే. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ముసురులో చిటుకరోగం తగిలి మంద మొత్తం పోయింది. మా నాయన పలకల ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. నా మూడో తరగతి కూడా అంతటితో ఆగింది. తోలడం మాత్రం మరిచిపోలేదు. అన్నిటి వెంటా పరుగెత్తకుండా, ముందు నడిచే పెద్ద గొర్రెను పట్టుకుని దొడ్డి వైపు తిప్పాను. మిగతావి దాని వెనకే పోయాయి.

ఆ పిల్ల అది కనిపెట్టింది. మనోళ్లేనా అని అడిగింది. తల ఊపాను. పేరేందని అడిగింది. మాల్యాద్రి అన్నాను. ఏ ఊరు, ఎవరి పిల్లోడు, ఎన్నాళ్ల నుంచి ఈ తన్నుడు అని ఇంకా చాలా అడిగింది. అన్నిటికీ నా తల ఊపుడే చూసి, బంతి నా చేతిలో పెట్టింది.

“నీ నోరు అన్నం తినేదానికేనా, ఇంకేమన్నా పనికొస్తాదా?”

వెనక పదిమంది నవ్వారు. నేను కూడా నవ్వాను గాని ఆలస్యంగా నవ్వాను. అప్పటికి ఆమె దొడ్డిలోకి వెళ్లిపోయింది.

ఆమె పేరు గురమ్మ. ఆ మంద వాళ్ల నాయన అంకన్నది.

ఇది రెండో ప్రపంచ యుద్ధానికి రెండేళ్ల ముందు మాట. అంతకు ముందు మా ఊళ్లో ఫుట్‌బాల్ అంటే ఎవరికీ తెలియదు. పలకల ఫ్యాక్టరీ యజమాని లక్ష్మీనరసయ్య శెట్టిగారు వ్యాగన్ల కోసం తరచూ దొనకొండ వెళ్లేవాడు. అక్కడి రైలు కాలనీలో డ్రైవర్లూ ఫైర్‌మన్లూ డ్యూటీ దిగి సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడుకునేవారు. ఒకరోజు శెట్టిగారు నిలబడి చూస్తుంటే, అక్కడి దొర ఒకాయన మీ ఊళ్లో టీము ఉందా అని అడిగాడట. శెట్టిగారు ఉందన్నాడట. ఎప్పుడు ఆడదామన్నాడట దొర. శ్రావణమాసంలో అన్నాడట ఈయన.

టీము లేదు. బంతి లేదు. ఆట ఎట్లా ఆడతారో శెట్టిగారికి సరిగా తెలియదు. ఆయనకు తెలిసింది ఒకటే: ఏ పని కావాలన్నా దానికి మనుషుల్ని జీతానికి పెట్టుకోవాలి. దొనకొండవాళ్లు ఊరికే ఆడుతున్నారని, పనైపోయాక సరదాకు ఆడుతున్నారని ఎవరు చెప్పినా ఆయన నమ్మలేదు. అంత చెమట ఊరికే ఎవరు కారుస్తారన్నాడు. ఫ్యాక్టరీలో పదకొండు మందిని ఏరి, నెల జీతం పెట్టి, పలకల పని మాన్పించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడడమే పని అన్నాడు. ఆడినందుకు జీతం తీసుకునే టీము ఆ చుట్టుపక్కల మాదే మొదటిది.

మమ్మల్ని ఏరింది కాళ్లు చూసి. పలక రాయి చీల్చేవాడు రాతిని రెండు పాదాల మధ్య నిలబెట్టి, కదలకుండా బిగించి, పైనుంచి ఉలి పెట్టి కొడతాడు. పాదం కదిలితే పలక విరుగుతుంది. పదేళ్లు ఆ పని చేసినవాడి పాదం చెప్పినమాట వింటుంది. నాది బాగా వినేది.

మా అమ్మ శ్రీశైలమ్మకు మాత్రం అనుమానం తీరలేదు.

“ఆడితే జీతమా? అసలు పనేందో కనుక్కున్నావా?” అని మూడు రోజులు అడిగింది. శెట్టిగారు ఎక్కడికన్నా తీసుకుపోయి నాతో దొమ్మరోళ్ల మాదిరి గెడ మీద గంతులు వేయిస్తాడని ఆమె భయం.

దొనకొండలో ఫైర్‌మన్ పని మానుకున్న సంజీవరావు సారును తెచ్చి మాకు కోచ్‌గా పెట్టారు. ఆయన ఇంగ్లీషులో అరిచేవాడు. మేం తెలుగులో పరుగెత్తేవాళ్లం. ఆయన నన్ను ముందు వరసలో పెట్టాడు. కాలు బాగుంది గాని, బంతి కావాలంటే అడగాలి గదరా, నోరు తెరవాలి గదరా అని రోజూ తిట్టేవాడు. నాకు ఆ ఆట నచ్చిందే అందుకు. కాలు చెబితే చాలు, జనానికి అర్థమయ్యేది.

ఇక గ్రౌండు. ఊరి బయట శెట్టిగారిదే ఒక బీడు. గులకరాళ్లు ఏరించి చదును చేయించాడు. అయినా గట్టి నేల. దొనకొండ గ్రౌండులో పచ్చిక ఉందని ఆయనకు గుర్తొచ్చింది. మనకూ పచ్చిక కావాలి, పచ్చిక మొలవాలంటే ఎరువు కావాలి, ఎరువంటే గొర్రెల మంద అనుకున్నాడు. అంకన్నను పిలిపించి, వానలు పడేలోగా ఇరవై రోజులు మంద అక్కడ ఆపమన్నాడు. రోజుకొక చోట దడి మార్చుకుంటూ గ్రౌండంతా ఆపాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చూపించే పని నాకు చెప్పాడు.

అంకన్న మంచి మనిషి. ముందే చెప్పాడు.

“శెట్టిగారూ, మంద పడితే గడ్డి ఒకటే కాదు, అన్నీ మొలుస్తాయి.”

శెట్టిగారు అది మెచ్చుకోలు అనుకున్నాడు. అన్నీ మొలవనీ అన్నాడు. నావైపు తిరిగి, ఏరా, బాగుంటది గదా అన్నాడు.

నాకు తెలుసు. గొర్రె బొచ్చులో, గిట్టల సందున, పెంటికలో ఏమేం విత్తనాలు ఉంటాయో గొర్రెలవాడికి చెప్పనక్కరలేదు. పొలంలో అయితే మంద ఆపాక నాగలి దున్నుతుంది, గుంటక తోలుతుంది, మొలిచింది మొలిచినట్టు పోతుంది. ఇక్కడ దున్నేది లేదు. వట్టి కాళ్లతో పరుగెత్తాలి. చెప్పాలనుకున్నాను. పెద్దాయన, అంత సంబరంగా ఉన్నాడు. తల ఊపాను.

ఆ ఇరవై రోజులూ ఉదయం మేం ఒక పక్క ఆడేవాళ్లం, ఇంకో పక్క మంద. గురమ్మ దడి దగ్గర కూర్చుని మా ఆట చూసేది. రెండు రోజుల్లో ఆమెకు ఆట అర్థమైపోయింది. బంతి పోయిన ప్రతిసారీ తెచ్చిచ్చేది. ఊరికే ఇచ్చేది కాదు. ఎడమ పక్క ఎవురూ లేరు, అందరూ ఒకే మేక వెంట పడినట్టు పడతారేంది అనేది. సంజీవరావు సారు ఆ మాట విని, ఇంగ్లీషులో నేను మొదటిరోజు నుంచి అరిచేది ఇదే అన్నాడు.

నాతో మాట్లాడించాలని ఆమెకు ఒక పట్టుదల. రోజుకు ఎన్ని మాటలు అన్నానో వేళ్లు ముడిచి లెక్కపెట్టేది. ఒకరోజు నాలుగు వేళ్లు ముడిచి, ఇయ్యాల జాతర అంది.

వానలు పడ్డాయి. మంద కొండకింద ఊళ్ల వైపు పోయింది. గ్రౌండు పచ్చబడింది. నెల తిరిగేసరికి నేలంతా అల్లుకుని, పసుపుపచ్చ పూలు పూసింది. శెట్టిగారు గొడుగు వేసుకుని వచ్చి చూసి మురిసిపోయాడు. దొనకొండలో పూలు లేవన్నాడు.

అవి పల్లేరు పూలు.

ఇంకో పదిహేను రోజులకు కాయలు గట్టిపడ్డాయి. ఆరోజు ఆట మొదలై అయిదు నిమిషాలు కాలేదు, పదకొండు మందిమీ నేల మీద కూర్చున్నాం. ఒక్కొక్క పాదానికి పది పన్నెండు ముళ్లు. బంతి బుస్సుమని, మెల్లగా చదునైపోయింది. మద్రాసు నుంచి తెప్పించిన బ్లాడరు. సంజీవరావు సారు ఒక్కడే బూట్లతో నిలబడి ఉన్నాడు. ఆయన ఏ భాషలోనూ అరవలేదు.

మ్యాచికి నెల కూడా లేదు. శెట్టిగారు అంకన్నకు కబురు పెట్టాడు. నీ మంద తెచ్చింది, నువ్వే తీసుకుపో అన్నాడు. టీమును కూడా కలుపు తియ్యమన్నాడు. ఒకరోజు తీశారు. మర్నాడు, మా జీతం ఆడేదానికి గాని కలుపుకు కాదని చెట్టు నీడన కూర్చున్నారు. నేను కూర్చోలేకపోయాను. తప్పు నాది.

అంకన్న మందను మళ్లీ ఊరి దగ్గరికి తోలుకొచ్చాడు గాని, దాన్ని వదిలి రాలేక గురమ్మను పంపాడు. ఆమె నన్ను చూడగానే అడిగిన మొదటి మాట అదే.

“నీకు తెలుసు గదా, పల్లేరు వస్తాదని. శెట్టికి ఎందుకు చెప్పలేదు?”

నేను కింద చూశాను.

“మా నాయన చెప్పింది ఆయనకు అర్థం కాలేదు. నువ్వు చెప్పింటే అయ్యేది. ఒక్క మాట. ఇప్పుడు చూడు, ఇంత పని.”

కోపంగా అంది. ఆ తర్వాత పని చూపించింది. పల్లేరును కొస పట్టి లాగకూడదు, కాయలు రాలతాయి. నడిమధ్యన వేరు దగ్గర చెయ్యి పెట్టి, రొట్టె ఎత్తినట్టు మొత్తం ఎత్తి, లోపలికి మడిచి గంపలో వెయ్యాలి. రాలినవాటికి ఇంకో ఉపాయం. వాళ్ల నాయన పాత గొంగడి తెచ్చి, తడిపి, చెరొక కొస పట్టుకుని నేల మీద ఈడ్చాలి. బొచ్చు కాయల్ని పట్టుకుంటుంది. ఆమె ఆ కొస, నేను ఈ కొస. నలభై అడుగులు ఈడ్చి, కూర్చుని కాయలు ఏరి, మళ్లీ తడిపి, మళ్లీ ఈడ్వాలి. గ్రౌండంతా అట్లా తిరగడానికి పదకొండు రోజులు పట్టింది.

నాకు దక్కింది ఆ పదకొండు రోజులే.

గొంగడి ఈడ్చేటప్పుడు ఇద్దరం ఒకే అడుగు వెయ్యాలి. ఒకరు ముందు నడిస్తే గొంగడి వంకర పోతుంది. మొదటిరోజు వంకర పోయింది. మూడోరోజుకు తిన్నగా వచ్చింది. కాయలు ఏరేటప్పుడు ఇద్దరి చేతులు ఒకేచోటికి వచ్చేవి. ఆమె చెయ్యి తీసేది కాదు. నేనూ తీసేవాణ్ణి కాదు. సన్నగా వాన పడితే ఆ గొంగడినే నెత్తిన వేసుకోవాలి గదా, ముళ్ల గొంగడి. ఇద్దరం దాన్ని చేతులతో ఎత్తి పట్టుకుని దాని కింద నిలబడేవాళ్లం. చేతులు నొప్పెట్టేవి. వాన ఆగినా కాసేపు దించేవాళ్లం కాదు.

ఆమె మాట్లాడేది. నల్లమలలో ఏ వాగు దగ్గర గడ్డి బాగుంటుందో, వాళ్ల మేనత్త కొడుకు యల్లయ్య పులిని చూసి ఎట్లా చెట్టెక్కాడో, మూడు దినాలు దిగనంటే అన్నం ఎట్లా విసిరారో చెప్పేది. నేను వినేవాణ్ణి. అంత బాగా వినేవాడు ఎవుడూ దొరకడని ఒకరోజు అంది. ఇంకోరోజు అంది, వినేదాంతో సరిపోదని.

పదకొండోరోజు సాయంత్రం ఆమె వట్టి కాళ్లతో గ్రౌండు ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి చూసింది. ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడింది.

“శుక్రవారం మంద నల్లమలకు కదులుతాది. కార్తీకం దాకా రాము. పెండ్లి కాని పిల్లను నాలుగు నెలలు అడవిలో పెట్టుకుంటే నలుగురూ నాలుగు మాటలంటారని నాయన భయం. దోర్నాలలో పుల్లరి చీటీ తీసుకోని, అడవిలోకి పోయే ముందే ముడి వేయించాలంటున్నాడు. యల్లయ్య బావ ఎట్లాగూ ఉన్నాడు. నేను నీ పేరు చెప్పినాను.”

నేను గొంగడి మడత పెట్టసాగాను.

“నాయన ఏమన్నాడో తెలుసా? పిల్లోడు మంచోడే, మనోళ్లే. అయితే ఆ కాలు శెట్టిది. శెట్టి కాలుతో మంద వెనక ఎట్ల నడుస్తాడు, అన్నాడు. వాడొచ్చి, శెట్టిని వదిలి నీ వెంట వస్తాను మామా అని నాతో చెబితే చాలు, అన్నాడు. చెబుతావా?”

తల ఊపాను.

ఆమె వేళ్లు ముడవలేదు. నవ్వలేదు. వెళ్లిపోయింది.

మర్నాడు అంకన్న దొడ్డి దగ్గరికి వెళ్లాను. చెప్పడానికే వెళ్లాను. ఆయన గొర్రెల గిట్టలు చెక్కుతూ ఉన్నాడు. వానకు గిట్టలు మెత్తబడ్డాయి, పుండ్లు పడతాయేమో అన్నాడు. నేను కూర్చుని కత్తి తీసుకున్నాను. పొద్దు గూకేదాకా ఇద్దరం గిట్టలు చెక్కాం. ఆయన రెండుసార్లు నా ముఖం చూశాడు. చెయ్యి మంచిది నాయనా నీది, అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

గురమ్మ దారి దాకా వచ్చింది. చెప్పినావా అని అడగలేదు. ఆమెకు తెలిసిపోయింది.

“ఆదివారం నీ మ్యాచి గదా,” అంది. “ఆడు. ఆడి రా. మేం ఆదివారానికి దోర్నాల చేరతాము. పుల్లరి చీటీ చేతికొచ్చేదాకా ఆడనే ఉంటాము. ఆ లోపల వచ్చి నాయనకు చెప్పు. వస్తావు గదా?”

మళ్లీ తల ఊపాను.

పుల్లరి అంటే అడవిలో గొర్రెలు మేపుకునేందుకు కట్టే పన్ను. ఆ చీటీ దోర్నాలలో ఎప్పుడూ ఒకరోజులో చేతికి రాదు. గొర్రెలు లెక్కించేది ఒకరోజు, రాసేది ఒకరోజు, సంతకానికి ఇంకెన్ని రోజులో. మా నాయన కాలంలో ఒకసారి పన్నెండు రోజులు కూర్చున్నాం. ఎంత తొందరైనా వారం. గొర్రెలవాళ్ల ఇంట్లో పుట్టినవాడెవడైనా అదే అనుకుంటాడు.

ఆదివారం దొనకొండవాళ్లు బూట్లతో దిగారు. మేం వట్టి కాళ్లు. మా ఊరు మొత్తం గ్రౌండు చుట్టూ నిలబడింది. రెండో సగంలో బంతి ఎడమ పక్కకు వచ్చింది. అక్కడ ఎవరూ ఉండరని గురమ్మ చెప్పిన చోటే నేనున్నాను. ఒక్క గోలుతో గెలిచాం. శెట్టిగారు గొడుగు పారేసి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నాడు. జనం నా పేరు పెట్టి అరిచారు. నేను ఒక్క మాటా మాట్లాడకుండా అంతమందికి నచ్చడం నాకు అదే మొదలు. దాని రుచి చెప్పకుండా దాచుకుంటే అబద్ధమవుతుంది.

సోమవారం పొద్దున్నే దోర్నాలకు బయల్దేరాలనుకున్నాను. ఆట అయిన రాత్రికే గిద్దలూరు నుంచి కబురు వచ్చిందట. మాతో బుధవారం ఆడతారా అని. మంగళవారం రైలు. శెట్టిగారు నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు లేనిదే టీము లేదురా, వస్తావు గదా అన్నాడు.

లెక్క వేసుకున్నాను. బుధవారం ఆట, గురువారం వెనక్కి, శుక్రవారానికి దోర్నాల. చీటీకి అప్పటికి ఆరో రోజు. చాలు అనిపించింది.

తల ఊపాను.

గిద్దలూరులో రెండు గోల్స్ వేశాను. బుధవారం సాయంత్రమే రైలెక్కి ఉంటే, గురువారం మధ్యాహ్నానికే దోర్నాలలో ఉండేవాణ్ణి. శెట్టిగారికి టీము ఫొటో కావాలనిపించింది. నంద్యాల నుంచి ఫొటోగ్రాఫరు గురువారం వచ్చాడు. మమ్మల్ని రెండు వరసలుగా నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని, కదలొద్దు, రెప్ప కొట్టొద్దు అన్నాడు. రెప్ప కొట్టకుండా నిలబడ్డాను. ఆ ఫొటోలో అందరికంటే నేనే బాగా వచ్చానన్నారు.

శుక్రవారం తెల్లారకముందే మార్కాపురంలో బయల్దేరి, సగం నడిచి సగం శ్రీశైలం యాత్రికుల బండి పట్టుకుని, మధ్యాహ్నానికి దోర్నాల చేరాను. దారి పొడుగునా ఒకే మాట వల్లించుకున్నాను. శెట్టిని వదిలినాను మామా, నీ వెంట వస్తాను. బండివాడు నాకేమన్నా జబ్బేమోనని చూశాడు.

రోడ్డు పక్క హోటలు దాటగానే అడవి గేటు. అక్కడ అంకన్న మంద ఉంది. కట్టె ఎత్తి, గార్డు ఒక్కొక్క గొర్రెనూ లెక్కపెట్టి లోపలికి వదులుతున్నాడు. అంకన్న గేటు అవతల ఉన్నాడు. యల్లయ్య పక్కన నిలబడి గొర్రెల్ని ఒక వరసలో పంపుతున్నాడు.

గురమ్మ చివర్న ఉంది. ఒక గొర్రెపిల్లను ఎత్తుకుని ఉంది. మెడలో పసుపు తాడు. ఇంకా తడి ఆరినట్టు లేదు, రవిక మీద పసుపు మరక దిగింది.

నన్ను చూసి ఆగింది.

“గెలిచినారా?”

“గెలిచినాము.”

“నువ్వు కొట్టినావా?”

తల ఊపబోయి, కొట్టినాను అన్నాను.

“మంచిది,” అంది. గొర్రెపిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. “కొత్త గుమాస్తా వచ్చినాడు ఈ యేడు. మంగళవారమే చీటీ చేతిలో పెట్టినాడు. ఎవురూ అనుకోలేదు. ఈ గొర్రెపిల్లకు కాలు బాగలేదని చెప్పి నేను రెండు దినాలు ఆపినాను. దీని కాలికేం కాలేదు. నాయనకు తెలుసు. తెలిసీ ఆగినాడు.”

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగమన్నట్టు చూసింది.

“నిన్న పొద్దున నాయన నన్ను పక్కకు పిలిచి అడిగినాడు. ఆ పిల్లోడు వస్తానని నీకు నోటితో చెప్పినాడా అమ్మా, చెప్పింటే ఇంకో వారమైనా కూర్చుంటాను, చీటీ పోతే పోయింది, అన్నాడు.” ఆమె గొర్రెపిల్ల చెవి నిమిరింది. “ఏం చెప్పేది? తల ఊపినాడు నాయనా, అని చెప్పినాను.”

గొర్రెలు ఒక్కొక్కటే గేటు దాటుతున్నాయి. గార్డు లెక్క వినిపిస్తూ ఉంది.

అప్పుడు నాకు మాటలు వచ్చాయి. ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు.

“నీ కోసరమే వచ్చినాను గురమ్మా. శెట్టిని వదిలేసి వచ్చినాను. ముళ్లు ఏరే దినాల్లో రోజూ చెప్పాలనుకున్నాను. పల్లేరు అయిపోగూడదని కోరుకున్నాను. ఏరిన కాయలు రెండు గుప్పిళ్లు మళ్లా చల్లినాను ఒకరోజు, ఇంకో దినం నువ్వు వస్తావని. నాకు నువ్వు తప్ప ఇంకేం వద్దు.”

ఆమె చివరిదాకా విన్నది. కన్ను తుడుచుకోలేదు. కారనిచ్చింది.

“ఇన్ని మాటలు ఉన్నాయా నీ దగ్గర,” అంది. ఎగతాళి కాదు.

అంతలో యల్లయ్య వచ్చాడు. నా వయసువాడే. పొడుగ్గా, అమాయకంగా ఉన్నాడు. నా సంగతి అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. మార్కాపురం ఫుట్‌బాల్ మనిషినని మాత్రం తెలుసు. సంబరపడిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, దొనకొండ దొరల్ని ఓడగొట్టినారంట గదా. హోటలు కాడ చెప్పుకుంటున్నారు. నిజంగా బంతిని చేత్తో ముట్టుకోగూడదా? మరి ముళ్లల్లో పడితే ఎట్ల?”

“పడితే తీసుకోవచ్చు,” అన్నాను.

“ఒకసారి చూడాల,” అన్నాడు. “కార్తీకంలో వస్తాము. మా ఇద్దరికీ చూపియ్యి.”

గురమ్మ అతని చేతికి గొర్రెపిల్లను ఇచ్చి, పద బావా, నాయన పిలుస్తున్నాడు అంది. అంకన్న పిలవలేదు. గేటు అవతలి నుంచి చూస్తున్నాడు, అంతే. నేను ఆయన దగ్గరికి వెళ్లాను. దారంతా వల్లించిన మాట ఇక పనికిరాదు. ఆయనే నా భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు.

“నేను ఇంకో రోజు ఆగాల్సింది నాయనా,” అన్నాడు.

“లేదు మామా. నేను ముందే చెప్పాల్సింది.”

“చల్లగ ఉండు. కాలు జాగర్త.”

చివరి గొర్రె దాటింది. గార్డు కట్టె దించాడు. ఆమె వెనక్కి ఒకసారి చూసింది. తర్వాత చెట్లు అడ్డం వచ్చాయి.

ఇంటికి వచ్చాక అమ్మ ఏమీ అడగలేదు. శెట్టిగారికి నేను వదిలేసి పోయిన సంగతే తెలియదు. ఆదివారం నంద్యాలవాళ్లు వస్తున్నారని కబురు పెట్టాడు. పోయాను. ఇంకెక్కడికి పోవాలి?

ఆ ఆట పెద్దగా గుర్తు లేదు. కాలు ఆడింది. ఆఖరున బంతి గోల్లోకి పోయిందని జనం అరుపును బట్టి తెలిసింది. గ్రౌండులోకి వచ్చి పడ్డారు. ఎవరెవరో నన్ను పట్టుకుని భుజాల మీదికి ఎత్తారు. ఊరు మొత్తం నా కింద ఊగుతూ ఉంది.

అంత ఎత్తున కూర్చుంటే పడమట నల్లమల కొండలు కనిపించాయి. మా గ్రౌండు మీద ఎండ కాస్తూ ఉంది. అక్కడ కొండల మీద మాత్రం మబ్బు దిగి, వాన పడుతోంది. నన్ను కిందికి దించేదాకా అటే చూస్తూ ఉన్నాను.